క్యాలెండర్‌లో మీ గడి: ఇంటిల్లిపాదినీ చూసుకునేవాళ్లు తమను తాము చూసుకోవడం ఎలా

మీ వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ దగ్గరికి ఒకసారి వెళ్లండి. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం పక్కన బాల్‌పెన్‌తో రాసినవి చదవండి. గ్యాస్ బండ వచ్చిన తేదీ. పాలు వద్దన్న రోజులు. చీటీ పాట. పిల్లాడి పరీక్ష. అత్తయ్యగారి షుగర్ టెస్టు. మావయ్యగారి బీపీ మాత్రలు అయిపోయే రోజు. ఆ చేతిరాత మీదే కదా? ఇప్పుడు పన్నెండు నెలలూ తిప్పి, మీ ఒంటి గురించి ఒక్క గడిలోనైనా ఏమైనా రాసుకున్నారేమో వెతకండి.

మా ఇంట్లో లేదు. మూడేళ్ల కిందట అత్తయ్యకి రక్తం తీయడానికి ఇంటికొచ్చిన ల్యాబ్ అబ్బాయి సంచీ సర్దుకుంటూ, "మీరూ ఇచ్చేయండాంటీ, మళ్లీ ఎప్పుడిస్తారో" అన్నాడు. మొహమాటానికి చెయ్యి చాపాను. మర్నాడు రిపోర్టులొచ్చాయి. అత్తయ్యవి అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా హిమోగ్లోబిన్ 8.6. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం, మధ్యాహ్నం మూడింటికి తల బరువు, అయినదానికీ కానిదానికీ పిల్లల మీద అరుపులు, ఇవన్నీ వయసు అనుకున్నాను. నా బుద్ధే కోపిష్టిది అనుకున్నాను. రక్తం తగ్గిందని మాత్రం తట్టలేదు.

ఆ తర్వాత మెల్లగా అలవాటు చేసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు నడిపే ఆడవాళ్లే కళ్లముందు మెదులుతున్నారు. అయితే "నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను" అంటూ బీపీ మాత్ర మానేసే మగవాళ్లు కూడా చదవచ్చు.

సెల్ఫ్ కేర్ అనగానే ఫేషియల్, సువాసన కొవ్వొత్తి, కొండమీద రిసార్ట్ చూపిస్తారు. వాటితో నాకు పేచీ లేదు. ఆదివారం నువ్వుల నూనె పట్టించుకుని, కుంకుడుకాయ రసంతో తలంటుకుని, సాంబ్రాణి పొగ వేసుకుంటే పట్టే నిద్ర ముందు ఏ స్పా అయినా దిగదుడుపే. కానీ తలంటుకున్న తడిజుట్టుతోనే పొయ్యి దగ్గర నిలబడి ఎనిమిదిమందికి బిర్యానీ వండాల్సి వస్తే ఆ తలంటుకి అర్థమేముంది? నేను చెప్పబోయేవి అంత ముచ్చటగా ఉండవు. ఇంట్లో అందరికీ ఏం చేస్తున్నారో అదే మీకూ చేసుకోవాలి.

ముందు మీ పేరున ఒక కవరు

పెద్దవాళ్ల రిపోర్టులు బీరువా పై అరలో, ఏ బట్టల షాపు కవరులోనో ఉంటాయి. పాత ఈసీజీ దగ్గర్నుంచి మొన్నటి మందుల చీటీ దాకా అన్నీ అందులోనే. అలాంటిదే ఇంకో కవరు తీసి స్కెచ్ పెన్‌తో మీ పేరు రాయండి. ఒక తెల్లకాగితం మీద ఇవి రాసి లోపల పెట్టండి: ఆఖరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు, రక్తపరీక్ష ఎప్పుడు, కళ్లు ఎప్పుడు, పళ్లు ఎప్పుడు, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, ఎంత ఎక్కువగా అవుతోంది. గుర్తులేకపోతే "గుర్తులేదు" అని రాయండి. నా కాగితం మీద నాలుగుచోట్ల అదే ఉంది.

ఆ కాగితం పట్టుకుని దగ్గర్లో ఉన్న జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. ఎనభై పరీక్షలు, సగం ధర అని వచ్చే ప్యాకేజీ మెసేజీల జోలికి వెళ్లకండి. అన్ని పరీక్షలు చేయిస్తే ఏదో ఒకటి అటూ ఇటుగా రాకమానదు, అనవసరంగా నిద్ర చెడుతుంది. నలభై దాటిన మనిషికి మామూలుగా మొదట రాసేవి కొన్నే: రక్తకణాలూ హిమోగ్లోబినూ చూసే సీబీపీ, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరుకి క్రియాటినిన్. హెచ్‌బీఏ1సీ అంటే సుమారు గత మూడు నెలల షుగర్ సగటు. దీనికి పరగడుపున వెళ్లక్కర్లేదు. 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్ గుమ్మం దగ్గరికొచ్చిందని, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే లోపలికొచ్చినట్టేనని లెక్క. ఒక మెలిక ఉంది. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టించొచ్చు. అందుకే సీబీపీ కూడా పక్కనే ఉండాలి.

డబ్బు దగ్గర ఆగిపోయేవాళ్లకి: 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్‌తోపాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా నడుస్తోంది. గర్భాశయ ముఖద్వార పరీక్ష అయిదేళ్లకోసారి చేయించుకోవాలి. హైదరాబాద్‌లో ఉంటే బస్తీ దవాఖానాకి వెళ్లినా మొదటి అడుగు పడుతుంది. మీ వీధికొచ్చే ప్రభుత్వ నర్సమ్మ, అదే ఏఎన్ఎం గారిని అడగడానికి సిగ్గుపడకండి. వీధిలో అందరి సంగతీ ఆవిడకి తెలుసు.

ఇక రక్తం సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఇది నా ఒక్కదాని గొడవ కాదు కాబట్టి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భం లేని ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. దానిమ్మపండు, బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు, వాటిలో ఐరన్ కొంచెమే. తోటకూర, మునగాకు, శనగలు, మాంసం తినేవాళ్లయితే మేక కార్జం, ఇవి నయం. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, లేదా అన్నం తర్వాత జామకాయ ముక్క తినండి. అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే దానికి సరిగ్గా ఉల్టా. కనీసం గంట ఆగండి.

8.6 లాంటి అంకెని ఆకుకూరలతో నెట్టుకురాలేరు, డాక్టర్ మాత్ర రాస్తారు. ఐరన్ మాత్ర పాలతోనో టీతోనో వేసుకోవద్దు. క్యాల్షియం మాత్రతో కలిపి అసలు వద్దు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడకండి. మలబద్ధకం, కడుపులో తిప్పడం ఉంటే మానేయకుండా డాక్టర్‌కి చెప్పి మార్పించుకోండి. నేను మొదటిసారి పదిహేను రోజులకే మానేశాను, మూడు నెలలు వృథా అయ్యాయి. అంకె 12 దాటాక కూడా సాధారణంగా ఇంకో మూడు నెలలు వేసుకోమంటారు. ఒంట్లో నిల్వలు నిండాలి కదా. రక్తం ఎందుకు పోతోందో కూడా అడగండి. నాకు గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు, అంటే క్యాన్సర్ కాని గడ్డలు. రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చడం మామూలే అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. మా అమ్మకీ అంతేనట, ఆవిడకెవరు చెప్పారు గనక.

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకి ఒక్క ముక్క: పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్ర నాలుక మీద ఉండగానే ఫిల్టర్ కాఫీ అందుకునేవాళ్లని చాలామందిని చూశాను.

మీ కంచం

మా ఇంట్లో ఆదివారం పొద్దున దోసెలు. పెనం దగ్గర నేను. "అమ్మా, ఇంకోటి", "నాకు కరకరలాడేట్టు", "మావయ్యకి మెత్తగా". నలుగురూ తిని లేచేసరికి గిన్నె అడుగున నీళ్లపిండి కొంచెం. దాంతో ఒక దోసె వేస్తాను, అది పెనానికి అంటుకుంటుంది. అట్లకాడతో గీకి, కొబ్బరి చట్నీ అయిపోయి ఉంటుంది కాబట్టి ఆవకాయ నంజుకుని, గట్టు దగ్గరే నిలబడి తింటాను. అలా ఇరవై ఏళ్లు తిన్నాను. ఎవరూ పెట్టకపోవడం కాదు, నేనే అడ్డం పడేదాన్ని: "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాలే."

ఇది మార్చడానికి ఉపన్యాసాలు పనిచేయలేదు, రెండు చిన్న పనులు పనిచేశాయి. మొదటిది, కూర దించగానే అందరికంటే ముందు నా గిన్నెలోకి నా వంతు తీసి మూతపెట్టడం. మొదట్లో దొంగతనం చేస్తున్నట్టే ఉంటుంది. మా అత్తయ్య చూసి ఏమీ అనలేదు. రెండోవారం ఆవిడే "నీ గిన్నె తీశావా?" అని అడిగింది. రెండోది, నాలుగో దోసె నాది. నేను కూర్చుంటాను, పెనం దగ్గరికి ఇంకొకరు వస్తారు. మా ఆయన వేసిన మొదటి దోసె ఆంధ్రా మ్యాప్‌లా వచ్చింది, రాయలసీమ మాడింది. తిన్నాను.

కూరలు అయిపోయి పచ్చడి మెతుకులతో, మజ్జిగతో ముగించే రాత్రులు ఎన్నో లెక్కేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పు హద్దు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. వేలెడంత మాగాయ టెంక దగ్గరే అందులో మంచి వాటా పోతుంది. పచ్చడి మానమని నేను చచ్చినా చెప్పను, నేనూ గుంటూరుదాన్నే. పప్పో గుడ్డో కూరో మీ కంచంలో ముందు పడాలి, పచ్చడి వాటి పక్కకి రావాలి.

మొహమాటం

మన భాషలో "చూద్దాంలే" అంటే చెప్పేవాళ్లకి కుదరదని, వినేవాళ్లకి వస్తారని. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ఆడపడుచు గృహప్రవేశానికి ముందురోజే వచ్చి అరిసెలు వండమంటే "చూద్దాంలే వదినా" అంటాం. ఆవిడ బెల్లం, బియ్యం తెప్పించేసుకుంటుంది. మనం జ్వరంతోనే వెళ్లి పాకం పట్టి, తిరిగొచ్చి నాలుగు రోజులు మంచం మీద మూలుగుతాం.

కాదనడానికి ముందే మాటలు సిద్ధం చేసుకోండి. అప్పటికప్పుడు నోరు పెగలదు. నాకు పనికొచ్చిన మాటలు ఇవి:

"వదినా, శుక్రవారం నాకు కుదరదు. శనివారం పొద్దున్నే వచ్చి వడ్డన చూసుకుంటాను."

"సారీ సార్, ఇవాళ ఆరింటికి వెళ్లాలి. రేపు పదిన్నరకల్లా మీ టేబుల్ మీద పెడతాను."

"అత్తయ్యా, ఒక్క అరగంట నడుం వాలుస్తాను. ఆ తర్వాత చేస్తాను."

ఇందులో కారణం లేదు చూశారా. కారణం చెప్పారో, బేరం మొదలవుతుంది. "తలనొప్పా? టాబ్లెట్ వేసుకుని వచ్చేయ్." "పిల్లాడికి పరీక్షా? వాడినీ తీసుకురా, ఇక్కడ చదువుకుంటాడు." కుదిరేది ఏమిటో చెప్పండి, అక్కడితో ఆగండి. ఆ తర్వాత వచ్చే మౌనం భరించడం కష్టం. అటువైపు నుంచి "సరేలే" అని ఒక బరువైన మాట వస్తుంది. ఆ బరువు రెండు రోజులు ఉంటుంది, పోతుంది. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని పెద్దవాళ్లే అన్నారు. మనం ఎత్తి చూపితే మాత్రం వాళ్లకి నచ్చదనుకోండి.

అందరికీ అన్నిసార్లూ కాదనలేం. ఇంటికి పెద్దకోడలైతే, లేదా ఉద్యోగం కాంట్రాక్టు మీద నడుస్తుంటే కాదనే స్వేచ్ఛ తక్కువ. అది మీ తప్పు కాదు. వారానికి ఒక్క పనికి ఒప్పుకోకుండా ఉండగలిగినా చాలు, అదీ చిన్నది చూసుకుని మొదలుపెట్టండి.

పని అప్పజెప్పేటప్పుడు, గుర్తుపెట్టుకోవడం కూడా అప్పజెప్పండి

"కాస్త సాయం చెయ్యి" అంటే పని మీదే, చేతులు మాత్రం వాళ్లవి. గ్యాస్ బుక్ చేయమని గుర్తుచేసి, చేశావా అని అడిగి, బండ వచ్చాక తూకం చూశావా అని మళ్లీ అడిగితే మీకు మిగిలిందేమిటి? పని మొత్తం ఇచ్చేయండి. మా ఇంట్లో మందుల డబ్బా మా ఆయనది. అత్తయ్యగారి మాత్రలు అయిపోతున్నాయని గమనించడం, తేవడం, వారం డబ్బాలో సర్దడం అన్నీ ఆయనే. పాల లెక్క, ఇస్త్రీ బట్టల లెక్క పెద్దవాడిది.

మొదటి నెల తప్పులు జరుగుతాయి. ఇస్త్రీ అతను మూడు చొక్కాలు ఎక్కువ లెక్కేశాడు, మావాడు కట్టేశాడు. నోరు కుట్టేసుకున్నాను. మళ్లీ మీ చేతుల్లోకి లాక్కున్నారో, "అమ్మే బాగా చేస్తుంది" అని పొగిడి జన్మంతా మీకే వదిలేస్తారు. ఒక్క జాగ్రత్త: మందుల్లాంటి ప్రాణానికి సంబంధించినవి అప్పజెప్పినప్పుడు మొదటి రెండు వారాలు పక్కనుండి చూడండి.

రాత్రి పదకొండు

అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుని, పన్నెండున్నర దాకా రీల్స్ చూసేది ఎందుకో నాకు తెలుసు. రోజంతటిలో ఎవరూ పిలవని టైము అదొక్కటే. దాన్ని ఊరికే లాక్కుంటే ఊరుకోరు, నేనూ ఊరుకోలేదు. అందుకని సాయంత్రం ఒక అరగంట ముందు సంపాదించండి. తలుపు వేసుకోండి, లేదా డాబా మీదికి వెళ్లండి. ఏం చేస్తారన్నది మీ ఇష్టం. అది దొరికాక రాత్రి ఫోన్ దానంతటదే కొంచెం తగ్గుతుంది. పెద్దవాళ్లకి ఏడు గంటల నిద్ర కావాలి. సాయంత్రం ఆరింటి కాఫీలో కెఫీన్ సగం దాకా రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మూడున్నరకి తాగేయండి.

నడక గురించి రోజూ వింటూనే ఉంటారు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేలా కానీ పాట పాడలేనంత వేగంతో. "ఇంటిపనే వ్యాయామం కదా" అంటారు. గచ్చు తుడవడం, బట్టలు పిండడం నిజంగా శ్రమే. కానీ సింక్ దగ్గర గంటసేపు నిలబడితే కాళ్లు లాగుతాయే తప్ప గుండెకి పెద్దగా పని పడదు. అన్నం ఉడికేలోగా కుర్చీలోంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోండి. మోకాళ్లు నొప్పిగా ఉంటే డాక్టర్‌ని అడిగి.

డబ్బు, మనసు

పోపుల డబ్బాలో నోట్లు దాచిన అమ్మమ్మలు తెలివైనవాళ్లు. మీ ఒక్కరి పేరున ఒక ఖాతా ఉంచుకోండి, దానికి నామినీ రాయించండి, నెలకి ఎంతో కొంత వేయండి. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఎవరినీ అడగక్కర్లేనంత ఉంటే చాలు.

బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చిన రోజులు ఎవరికైనా ఉంటాయి. ఏడుపు తప్పేం కాదు. కానీ రెండు వారాలపాటు దాదాపు రోజూ దిగులుగా ఉండి, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధికాక, నిద్ర, ఆకలి తారుమారైతే దాన్ని అలసట ఖాతాలో రాయకండి. బద్ధకమని తిట్టుకోకండి. డాక్టర్‌కి చెప్పండి. గడప దాటడం కష్టమైతే 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు లెక్కపెట్టకండి, ఇప్పుడే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఫోన్‌లో మాట్లాడే స్నేహితురాలు ఒకరుంటే వారానికోసారి ఆవిడ కోసం టైము ఉంచండి. కూరలు తరుగుతూ స్పీకర్‌లో పెట్టి కాకుండా, కూర్చుని.

కుదరని వారం

పెళ్లిళ్ల సీజన్, పరీక్షలు, ఇంట్లో ఒకరికి ఆపరేషన్, ఇలాంటప్పుడు పైవన్నీ గాలికి పోతాయి. అప్పుడు మూడే పట్టుకోండి: మీ మాత్ర, మీ గిన్నె, రాత్రి పదకొండుకి లైటు ఆర్పడం. నడక మానేశానే అని బాధపడే పని కూడా నెత్తిన వేసుకోవద్దు. హడావుడి తగ్గాక కవరు తీసి, ఎక్కడ ఆగిందో చూసి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. తర్వాతి పరీక్ష తేదీ ఎప్పుడో క్యాలెండర్‌లో రాసేయండి. మిగతావాళ్లవి రాసిన పెన్నుతోనే, అంతే పెద్ద అక్షరాలతో.

నా హిమోగ్లోబిన్ ఇప్పుడు 12.1. ఈ నెల 18వ తేదీ గడిలో, గ్యాస్ బండకి కింద, చీటీ పాటకి పైన "అమ్మ పల్లు" అని ఉంది. చిన్నవాడు రాశాడు. దిద్దలేదు.